మిర్చి టిక్కీ అంత దెబ్బ

కంచికచర్ల

చిరంజీవి అమ్మడికి,

సైనికుడి జాకెట్ తూటాను ఎలా ఆపుతుందని ఫోన్లో అడిగావు. అది నోటిమాటతో తేలే సంగతి కాదు, పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదువు. ఏకే-47 తూటా బరువు దాదాపు 8 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 715 మీటర్లు. గతిశక్తి సూత్రంలో వేస్తే రెండు వేల జౌళ్ళు వస్తాయి. మన యార్డులో 45 కిలోల మిర్చి టిక్కీని నాలుగున్నర మీటర్ల ఎత్తు నుంచి వదిలితే తగిలే దెబ్బ అంత. అదంతా వేలిగోరంత చోట పడుతుంది. ఆ శక్తిని వీలైనంత ఎక్కువ మేరకు పంచాలి, తూటా ఆగడానికి మరికాస్త సమయం పట్టేలా చూడాలి. కవచం చరిత్రంతా ఈ రెండింటి కోసం మనుషులు పడిన పాట్లే.

1515లో కొండవీడు గెలిచాక కృష్ణదేవరాయల సేన కృష్ణ దాటి మన పక్కనున్న కొండపల్లి కోటను పట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే విజయనగరం వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, రాయల సేనల సమీక్ష చూసి రౌతుల అంగీల గురించి శ్రద్ధగా రాసిపెట్టాడు. పైకి పట్టు, ముఖమల్. లోపల గట్టి పచ్చితోలు పొరల మీద పొరలు, వాటికి తోడు ఇనుప రేకులు. మెడ కప్పే అంచులతో శిరస్త్రాణాలు. రేకు కత్తి మొనను అడ్డుకుంటుంది, పొరలు దెబ్బను పంచుకుంటాయి. గట్టిదాన్నీ మెత్తదాన్నీ కలిపి వాడాలన్న ఆ తెలివి మన నేల మీద అప్పటికే ఉందని నువ్వు గుర్తించాలి.

తుపాకులు బలపడ్డాక, వాటికి తట్టుకునే ఇనుము మనిషి మోయలేనంత బరువైంది. సైన్యాలు ఒంటి కవచాన్ని చాలావరకు వదిలేశాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్ల ముక్కలు తలలు పగలగొడుతుంటే 1915లో ఉక్కు టోపీలు తిరిగొచ్చాయి.

అసలు మలుపు 1965లో, అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో స్టెఫనీ క్వోలెక్ చేతుల మీదుగా వచ్చింది. ఆమె వెతుకుతున్నది టైర్లకు పనికొచ్చే తేలికపాటి దారం. తయారైన ద్రావణం పల్చగా, మబ్బుగా ఉంది. ఎవరైనా పారబోసేదే. ఆమె మాత్రం పట్టుబట్టి దాన్ని దారంగా తీయించింది. అదే కెవ్లార్. బరువుకు బరువు పోలిస్తే ఉక్కు కన్నా ఐదు రెట్లు బలం. పిస్తోలు తూటా ఆ నేత పొరల్లో చిక్కుకుని చదునైపోతుంది.

రైఫిల్ తూటాకు, అందులోనూ లోపల ఉక్కు ముక్క ఉన్నదానికి, నేత ఒక్కటే చాలదు. అందుకే ముందు పింగాణీ జాతి పలక పెడతారు. అలాంటి పలకలకు వాడే బోరాన్ కార్బైడ్ వజ్రానికి చేరువైన గట్టిదనం గలది, సాంద్రతలో ఉక్కులో మూడో వంతు. తూటా మొన దాని మీద చితికిపోతుంది, పలకా పగులుతుంది. ఆ ముక్కలన్నిటినీ వెనకున్న నారల పొర పట్టుకుంటుంది. భాభా అణు పరిశోధన కేంద్రం ఈ పదార్థంతోనే ‘భాభా కవచ్’ను రూపొందించి, ఆ పరిజ్ఞానాన్ని లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధానికి ఇచ్చింది. 1973లో పుట్టిన మిధాని ఉన్నది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో, మన హైవే మీద నాలుగైదు గంటల దూరం. నీకు లోహశాస్త్రం మీద మనసుంటే ఆ పేట పేరు గుర్తుపెట్టుకో. అర్జున్ ట్యాంకుకు తొడిగిన కంచన్ కవచానికీ ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

తూటా ఆగినంత మాత్రాన మనిషి క్షేమమని అనుకోకు. జాకెట్ వెనక్కి ఉబ్బి పక్కటెముకలు విరగ్గొట్టగలదు. అమెరికా ప్రమాణం ప్రకారం జాకెట్ వెనక బంకమట్టి పెట్టి కాలుస్తారు. మట్టిలో గుంట 44 మిల్లీమీటర్లు మించితే ఆ జాకెట్ పనికిరాదు.

ఇక బరువు. 2024లో డీఆర్‌డీఓ, ఢిల్లీ ఐఐటీ కలిసి చూపించిన ‘అభేద్’ జాకెట్ బరువు 8.2 కిలోల నుంచి మొదలవుతుంది. ప్రాణం కాపాడే మాట నిజమే. కానీ మన నందిగామ మే నెల ఎండలో దాన్ని తొడుక్కుని గుట్ట ఎక్కాలంటే ఎలా ఉంటుందో ఊహించు. అలసిన మనిషి నెమ్మదిస్తాడు, నెమ్మదించినవాడు సులువుగా గురి అవుతాడు. ఒక్కో వంద గ్రాములు తగ్గించడానికి ఏళ్ళు ధారపోసేవాళ్ళ మీద నాకు చెప్పలేనంత గౌరవం.

ఇంకొకటి, ఇది నీకోసమే. చాలాకాలం ఈ జాకెట్లన్నీ మగవాళ్ళ కొలతలకే కుట్టారు. ఆడవాళ్ళకు భుజాల దగ్గర వదులై, తుపాకీ భుజానికి ఆనించుకోవడమే కష్టమయ్యేది. అమెరికా సైన్యం సైతం ఆడవాళ్ళ కొలతలకు వేరే జాకెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఈ శతాబ్దం రెండో దశకంలోనే. ఈ పని ఇంకా చాలా మిగిలి ఉంది.

సెలవులకు వచ్చేటప్పుడు విజయవాడ బాపు మ్యూజియంలో ఆగి ఒంటి కవచాలు చూసిరా. బరువు భుజం మీద పడుతుందో నడుం మీద పడుతుందో గమనించి, బొమ్మ గీసుకుని తీసుకురా.

ఆశీస్సులతో,
తాతయ్య