ఈశ్వరమ్మ రాసుకున్న అంకెలు

ఒంగోలు దగ్గర ఒక పల్లె. ఆ ఊళ్ళో ఒక అక్క. ఆమె పేరు ఈశ్వరమ్మ అనుకుందాం. ఆమె భర్త పేరు కోటయ్య అనుకుందాం.

కోటయ్యకు అరవై ఆరేళ్ళు. పొగాకు పండిస్తాడు. రాత్రిపూట నాలుగైదు సార్లు లేచి ఒంటేలుకు పోయేవాడు. ధార సరిగా వచ్చేది కాదు. "వయసు మీద పడింది గదా" అనుకున్నాడు. తర్వాత నడుము నొప్పి పట్టుకుంది. తైలం రాశారు. కాపడం పెట్టారు. తగ్గలేదు. చివరకు గుంటూరు పెద్దాసుపత్రికి పోయారు.

అక్కడ రక్తం తీశారు. ముక్క పరీక్ష చేశారు. ఎముకల స్కాను తీశారు. డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"పెద్దాయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందమ్మా. కొంత ఎముకలకు కూడా పాకింది. దీన్ని పూర్తిగా పోగొట్టలేం. అణచి పెట్టగలం. మందు బాగా పనిచేస్తే ఏళ్ళ తరబడి బతుకుతారు. పనులు చేసుకుంటారు."

ఈశ్వరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోటయ్య ఏమీ మాట్లాడలేదు. బయటికి వచ్చాక, "టీ తాగుదాం పద" అన్నాడు.

ప్రోస్టేట్ అంటే ఏమిటి?

ఇది మగవాళ్ళకు మాత్రమే ఉండే గ్రంథి. ఒంటేలు తిత్తి కింద ఉంటుంది. పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. ఒంటేలు బయటికి వచ్చే గొట్టం దీని మధ్యలో నుంచే పోతుంది. వయసు మళ్ళిన చాలామందిలో ఇది ఉబ్బుతుంది. ఉబ్బిన ప్రతి ప్రోస్టేటూ క్యాన్సర్ కాదు. ఏదో తేల్చడానికే పరీక్షలు.

ఈ గ్రంథి ఒక పదార్థాన్ని తయారుచేస్తుంది. దాని పేరు పి.ఎస్.ఏ. అది కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. క్యాన్సర్ కణాలు కూడా దాన్ని తయారుచేస్తాయి. అవి ఎముకలోకి పోయినా తయారుచేస్తూనే ఉంటాయి. అందుకే రక్తంలో పి.ఎస్.ఏ. ఎంత ఉందో కొలుస్తారు. కొలత నానోగ్రాములలో ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. అంత చిన్న కొలత.

మొదటిరోజు కోటయ్య అంకె 96.

సూది ఏం చేస్తుంది?

మగవాళ్ళ ఒంట్లో ఒక హార్మోను ఉంటుంది. దాని పేరు టెస్టోస్టెరాన్. ఎక్కువ భాగం వృషణాలలో తయారవుతుంది. గొంతు మారడానికి, గడ్డం రావడానికి, కోరికకు అదే కారణం. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు కూడా అదే మేత. మేత ఆపితే క్యాన్సర్ నీరసిస్తుంది. ఈ సంగతిని చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు, తన తోటివారితో కలిసి 1941లో అమెరికాలోని చికాగోలో చూపించాడు. అందుకు 1966లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

అప్పట్లో వృషణాలు తీసేసేవారు. ఆ ఆపరేషన్ ఇప్పటికీ ఉంది. ఒకసారి చేస్తే చాలు. ఖర్చు తక్కువ. కోటయ్య దానికి ఒప్పుకోలేదు. సూది మందు చాలన్నాడు. ఈ సూది మెదడు నుంచి వృషణాలకు పోయే హుకుంను ఆపుతుంది. నెలకు ఒకసారి వేసేది ఉంది. మూడు నెలలకు ఒకసారి వేసేదీ ఉంది. కోటయ్యకు మూడు నెలల సూది రాశారు. సూది వేసిన కొత్తలో హార్మోను ఒకసారి పొంగి, ఆ తర్వాత పడిపోతుంది. ఆ పొంగు హాని చెయ్యకుండా కొన్ని వారాలు మాత్రలు కూడా ఇచ్చారు.

డాక్టరమ్మ ఒక చీటీ పుస్తకం ఇచ్చింది. సూది వేసినప్పుడల్లా అందులో ఒక గడిలో తేదీ వేసి నర్సమ్మ సంతకం పెడుతుంది.

ఈశ్వరమ్మ రాత్రి బడిలో చదువుకుంది. అంకెలు వచ్చు. కూడికలు, తీసివేతలు వచ్చు. మనవడి పాత నోటు పుస్తకంలో ఖాళీ కాగితాలు చూసి గీతలు గీసుకుంది. ఒకవైపు తేదీ. ఒకవైపు అంకె. ఇలా రాసింది.

ఫిబ్రవరి: 96
మే: 6.2
ఆగస్టు: 0.8
నవంబరు: 0.3

ఇక్కడ ఆగి చుక్క సంగతి చూద్దాం. చుక్కకు ముందు ఉన్నది నిండు అంకె. చుక్క తర్వాత ఉన్నది ముక్కలు. ఒక రొట్టెను పది ముక్కలు చేస్తే, 0.3 అంటే అందులో మూడు ముక్కలు. 6.2 అంటే ఆరు నిండు రొట్టెలు, రెండు ముక్కలు. చుక్క వదిలేస్తే 6.2 కాస్తా 62 అవుతుంది. గుండె గుభేల్‌మంటుంది. ఈశ్వరమ్మ మొదట అలాగే చదివింది. ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి మనవడు చుక్క చూపించాడు.

ఎంత తేడా చూడండి. తొంభై ఆరు నుంచి మూడు ముక్కలకు దిగింది. కోటయ్య నడుము నొప్పి తగ్గింది. రాత్రి ఒక్కసారే లేస్తున్నాడు. మళ్ళీ పొలం పోతున్నాడు.

ఖాళీ గడి

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. పొగాకు బ్యారన్ కాల్చే రోజులు. మంట పెట్టాక వదిలి వచ్చేది లేదు. ఆకు మాడితే ఏడాది కష్టం పోతుంది. ఈశ్వరమ్మ కూతురి కాన్పుకు పోయి ఉంది. కోటయ్య ఒక్కడే గుంటూరు పోయి వచ్చానన్నాడు. "రిపోర్టు ఏదయ్యా?" అంటే, "వాళ్ళే పెట్టుకున్నారే" అన్నాడు.

మే నెలలో ఒంగోలులో రక్తం ఇచ్చారు. అంకె 1.9 వచ్చింది. ల్యాబులో కుర్రవాడు కాగితం చూసి, "నాలుగు లోపే కదమ్మా, నార్మల్" అన్నాడు. కాగితం మీద కూడా అలాగే అచ్చు వేసి ఉంది. సున్నా నుంచి నాలుగు దాకా మామూలు అని.

కోటయ్య సంతోషించాడు. ఈశ్వరమ్మకు మాత్రం మనసు ఒప్పలేదు. నోటు పుస్తకం తీసింది. 0.3 కింద 1.9 రాసింది. మూడు ముక్కలు ఎక్కడ? ఒక నిండు రొట్టె, తొమ్మిది ముక్కలు ఎక్కడ? ఆరింతలు పెరిగింది.

ఆ నాలుగు అనే గీత జబ్బు లేనివాళ్ళను చూడడానికి వేసుకున్నది. వైద్యంలో ఉన్నవాళ్ళకు అది గీటురాయి కాదు. వాళ్ళ అంకెను వాళ్ళ పాత అంకెతోనే పోల్చాలి. పైకి పోతోందా, కిందికి వస్తోందా, ఉన్నచోటే ఉందా అని చూడాలి. ల్యాబు కుర్రవాడు అబద్ధం చెప్పలేదు. అతని ముందు ఒక కాగితమే ఉంది. ఈశ్వరమ్మ ముందు అయిదు అంకెలు ఉన్నాయి.

ఆమె చీటీ పుస్తకం కూడా తీసింది. నవంబరు గడిలో సంతకం ఉంది. ఫిబ్రవరి గడి ఖాళీ.

"ఏందయ్యా, ఈ గడిలో ఏమీ లేదే?"

"మర్చిపోయుంటారు."

"నువ్వు పోలేదా?"

కోటయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. "పోలేదే. బ్యారన్ ఒక వంక. ఆ సూది ఒక వంక. అది వేసుకున్నకాడి నుంచి ఒళ్ళంతా ఉన్నట్టుండి సెగలు. నడి చలికాలంలో చెమటలు. బ్యారన్ కాడ నలుగురూ నవ్వుతున్నారు. ఒంట్లో సత్తువ లేదు. మగోడినన్న మాటే మర్చిపోయా."

ఈశ్వరమ్మ అంది. "నాకు నలభై ఎనిమిదో ఏట ముట్లు ఆగినప్పుడు ఇట్టాంటి సెగలే వచ్చాయి. రెండేళ్ళు పడ్డా. అప్పుడు నువ్వు ఒక్కనాడన్నా అడిగావా?"

కోటయ్య దగ్గర జవాబు లేదు.

నిజానికి రెండింటికీ కారణం ఒకటే. ఆడవాళ్ళలో ముట్లు ఆగినప్పుడు ఒక హార్మోను తగ్గుతుంది. సూది వేసుకున్న మగవాళ్ళలో ఇంకో హార్మోను తగ్గుతుంది. ఒంటికి వేడి లెక్క తప్పుతుంది. కోరిక తగ్గడం కూడా మందు వల్లే. మనిషి తప్పు కాదు. భార్య మీద ఇష్టం పోయిందనీ కాదు. ఈ మాట భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని వినాలి. చాలా ఇళ్ళలో ఎవరూ చెప్పరు. ఎవరూ అడగరు.

మరుసటి వారం ఇద్దరూ గుంటూరు పోయారు. ఈశ్వరమ్మ నోటు పుస్తకం బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ పైనుంచి కిందికి చదివింది. "సూది తప్పిందా?" అని అడిగింది. కోటయ్య తల ఊపాడు.

డాక్టరమ్మ ఇంకో రక్త పరీక్ష రాసింది. టెస్టోస్టెరాన్ ఎంత ఉందో చూసే పరీక్ష. సూది పనిచేస్తుంటే ఆ అంకె 50 లోపు ఉండాలి. కోటయ్యకు 240 వచ్చింది. మేత మళ్ళీ మొదలైందన్నమాట. జబ్బు మందుకు లొంగక కాదు, మందు పడక అంకె పెరిగింది. మళ్ళీ మాత్రలు, మళ్ళీ సూది. ఆగస్టులో 0.5. నవంబరులో 0.3.

సెగలు తగ్గడానికి కూడా మందు ఉందని అప్పుడే తెలిసింది. అడిగితే గదా చెప్పేది.

అంకె ఒక్కటే చాలదు

ఈ సూది వల్ల ఎముకలు పలచబడతాయి. కండ తగ్గుతుంది. పొట్ట పెరుగుతుంది. షుగరు రావచ్చు. గుండెకు కూడా బరువు. అందుకని ఈశ్వరమ్మ నోటు పుస్తకంలో ఇంకో రెండు గీతలు గీసింది. ఒకటి బరువుకు. ఒకటి షుగరుకు. రోజూ పొద్దున కోటయ్య చెరువు కట్ట మీద నడుస్తాడు. రాగి సంకటి, పాలు, గుడ్డు, ఆకుకూర తింటాడు. డాక్టరమ్మ కాల్షియం మాత్రలు రాసింది. చుట్ట మానమంది. పొగాకు రైతు చుట్ట మానడం తేలికా? సగానికి తగ్గించాడు. ఈశ్వరమ్మ దాన్ని లెక్కలో రాయలేదు.

రక్తం ప్రతిసారీ ఒకే ల్యాబులో ఇవ్వడం మంచిది. ఒక్కో ల్యాబు కొలతలో కొంచెం తేడా రావచ్చు. ఒంటేలులో మంట, జ్వరం ఉంటే ముందే చెప్పాలి. ఆ ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా అంకె పెరగొచ్చు. ఒక్కసారి కొంచెం పెరిగితే బెదిరిపోనక్కర లేదు. మళ్ళీ చేయించి చూస్తారు.

కొన్నింటికి మాత్రం అంకె కోసం చూడకూడదు. నడుము నొప్పి ఎక్కువై, కాళ్ళలో బలం తగ్గితే, తిమ్మిరి ఎక్కితే, ఒంటేలు ఆగిపోతే, తెలియకుండా దొడ్డికి పోతే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. వెన్నుపాము నలుగుతుండవచ్చు. రేపు అనుకుంటే కాళ్ళు పడిపోవచ్చు.

ఖర్చు సంగతి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో పథకం మొదలైంది. తెలంగాణలో అదే పేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటారు. ఏ మందుకు, ఏ పరీక్షకు వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం వాళ్ళ బల్ల దగ్గర ముందే అడగాలి. కార్డు, ఆధార్, పాత కాగితాలు అన్నీ ఒకే సంచిలో ఉంచుకోవాలి.

రెండోసారి పెరిగింది

ఏడాదిన్నర పాటు 0.3 దగ్గరే నిలిచింది. తర్వాత 0.7 వచ్చింది. మళ్ళీ 1.5. ఆ తర్వాత 2.8.

కోటయ్య ముందే అన్నాడు. "ఈసారి నేనేం చెయ్యలేదే. చూసుకో, అన్ని గడుల్లో సంతకాలున్నాయి."

ఉన్నాయి. ఈశ్వరమ్మ ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసింది. టెస్టోస్టెరాన్ పరీక్ష చేయిస్తే 12 వచ్చింది. సూది దాని పని అది చేస్తూనే ఉంది. అయినా పి.ఎస్.ఏ. పెరుగుతోంది.

డాక్టరమ్మ చెప్పింది. "ఇది మొదటిసారి లాంటిది కాదమ్మా. క్యాన్సర్ కొంచెం మేతతోనే బతకడం నేర్చుకుంది. కొందరికి ఇది త్వరగా వస్తుంది. కొందరికి ఆలస్యంగా వస్తుంది. సూది ఆపకూడదు. దానికి తోడు ఇంకో మందు మొదలుపెడదాం." కొందరికి ఈ రెండో మందును మొదటి నుంచే ఇస్తారు. ఎవరికి ఏది అనేది డాక్టరు చూసి చెప్పాలి.

మళ్ళీ స్కాను తీశారు. కొత్త మాత్రలు రాశారు. పేరు అబిరాటెరోన్. దానితో పాటు రోజూ ఒక స్టెరాయిడ్ మాత్ర. అబిరాటెరోన్ పరగడుపున వేసుకోవాలి. వేసుకున్నాక గంట దాకా ఏమీ తినకూడదు. ఈ మందుకు బి.పి. పెరగొచ్చు. రక్తంలో పొటాషియం తగ్గొచ్చు. లివరు మీద కూడా కన్ను వేసి ఉంచాలి. మొదట్లో రక్తం తరచుగా తీస్తారు.

బస్సులో కోటయ్య అడిగాడు. "ఇది కూడా పనిచెయ్యకపోతే?"

"ఇంకో మందు ఉందంది గదా. అది కూడా అయిపోతే అప్పుడు చూద్దాం" అంది ఈశ్వరమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

మూడు నెలల తర్వాత అంకె 0.9 వచ్చింది. నోటు పుస్తకంలో ఆ కాగితం నిండిపోయింది. ఈశ్వరమ్మ కొత్త కాగితం తిప్పింది. ఈసారి బి.పి.కి కూడా ఒక గీత గీసింది. గీత వంకర పోయింది. కోటయ్య పక్కన కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, స్కేలు పట్టుకున్నాడు.

చదివి చెప్పండి

1. 0.8, 6.2, 0.3, 1.9. వీటిని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాయండి.
2. మొదటిసారి అంకె ఎందుకు పెరిగింది? రెండోసారి ఎందుకు పెరిగింది? ఆ తేడా ఏ పరీక్ష వల్ల తెలిసింది?
3. మీ ఇంట్లో పెద్దవాళ్ళ పరీక్ష కాగితం ఏదైనా ఉంటే తీసుకురండి. అందులో పేరు, తేదీ, అంకె, చుక్క ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపండి.