మన పత్తి – మన ఎమ్మిగనూరు మగ్గం

కూడు, గూడు, గుడ్డ – మనిషికి కావలసినవి ఈ మూడు. వీటిలో గుడ్డ తయారుకావాలంటే పత్తి పండే నేల, నీరు, మనిషి శ్రమ కలవాలి. నూలు తడపడానికి, రంగులు అద్దడానికి నీరు ఎక్కువ కావాలి. అందుకే బట్టల పరిశ్రమకు పేరుపొందిన పట్టణాలు చాలావరకు నదుల ఒడ్డునే పెరిగాయి. ఇంగ్లాండులో ఇర్వెల్ ఒడ్డున మాంచెస్టర్, గుజరాత్‌లో తపతి ఒడ్డున సూరత్, తెలంగాణలో మానేరు ఒడ్డున సిరిసిల్ల ఇందుకు ఉదాహరణలు.

మా ఆలూరు వైపు నేత అంటే గుర్తుకువచ్చేది ఎమ్మిగనూరు. ఇది తుంగభద్రకు దగ్గరలో ఉంది. హోస్పేట వద్ద 1953లో పూర్తయిన డ్యాం నుండి దిగువ కాలువ ద్వారా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు నీరు వస్తుంది. కాలువ అందని చోట నల్లరేగడి నేలే తేమను నిలిపి పత్తిని పండిస్తుంది.

పత్తి బట్టగా మారే విధానం:

1. ఆదోని మార్కెట్‌కు వచ్చిన పత్తిని జిన్నింగ్ మిల్లులో గింజ, దూదిగా వేరు చేస్తారు. క్వింటాలు పత్తికి సుమారు 33 నుండి 35 కిలోల దూది వస్తుంది. గింజల నుండి నూనె, పశువులకు చెక్క వస్తాయి.

2. దూదిని 170 కిలోల బేళ్లుగా కట్టి స్పిన్నింగ్ మిల్లుకు పంపి నూలు తీస్తారు.

3. నూలుకు రంగు అద్ది, ఆసు పోసి, గంజి పెట్టి పడుగు సిద్ధం చేస్తారు. ఇంట్లోని ఆడవాళ్లు, పెద్దవాళ్లు కండెలు చుడతారు.

4. పడుగు నిలువు దారం, పేక అడ్డ దారం. నాడె అటూ ఇటూ తిరిగితే బట్ట అవుతుంది.

అంటే ఒక మగ్గం ఆడితే ఇంటిల్లిపాదికీ పని ఉంటుంది. నేతగాడు ఒంటరిగా ఉంటే నూలుకు అప్పు చేయాలి, వ్యాపారి చెప్పిన ధరకే బట్ట అమ్మాలి. ఈ కష్టం తీర్చడానికి మాచాని సోమప్ప గారు 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. సంఘమే నూలు ఇచ్చి, మజూరీ చెల్లించి, బట్టను అమ్మే పద్ధతి ఇది. ఆయనకు భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

తరువాత మరమగ్గాల చౌక బట్ట వచ్చి చేనేతను దెబ్బతీసింది. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా మగ్గాలు తగ్గుతూనే వచ్చాయి.

పత్తి మా చేలలో పండుతుంది. అది బేళ్లుగా బయటి ఊళ్లకు వెళ్లినప్పుడు వడికే పని, నేసే పని కూడా దానితోపాటే వెళ్లిపోతాయి. ఆ తరువాత పనులు వెతుక్కుంటూ మా తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతున్నారు. మేము హాస్టల్‌లో ఉండబట్టి మా చదువు ఆగలేదు. వెంట వెళ్లిన పిల్లలకు బడి ఆగిపోతోంది. పండిన చోటే వడికి, నేస్తే వలస కొంతైనా తగ్గుతుంది. కనుక మనం ఈ పనుల శాస్త్రాన్ని శ్రద్ధగా నేర్చుకుందాం. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాడైనా ఒక చేనేత వస్త్రం కొందాం.