వ్రాతప్రతి నుండి గ్రంథం దాకా

ఉద్దేశం

తొలి నవల వ్రాసిన రచయిత దానిని పాఠకుల చేతికి చేర్చే విధానాన్ని, ఆ ప్రయత్నంలో తన హక్కులను నిలుపుకోవలసిన తీరును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన ప్రాచీన కావ్యాల అవతారికలు చదివినవారికి ఒక సన్నివేశం సుపరిచితం. రాజు కొలువుదీరి ఉంటాడు. కవిని రప్పించి, ఫలానా కథను తెలుగున రచించమని, దానిని తనకు అంకితమిమ్మని కోరుతాడు. రాజరాజనరేంద్రుడు నన్నయను కోరింది ఇలాగే. ఆ కాలంలో తరచుగా కృతిపతి దొరికిన పిమ్మటనే కృతి మొదలయ్యేది. పోతన వంటి మహనీయుడు నరాంకితాన్ని నిరాకరించిన మాట నిజమే గాని, అది అందరూ నడిచిన బాట కాదు.

నవలాకారుని స్థితి దీనికి పూర్తిగా విపర్యయం. ఎవరూ కోరకుండానే అతడు వ్రాస్తాడు. ఏళ్ల తరబడి వ్రాసి ముగించిన తరువాత, దానిని అచ్చువేసే వారికోసం వెదకుతాడు. ఇక్కడ అర్థించేవాడు రచయిత; అంగీకరించవలసినవాడు ప్రచురణకర్త. ఈ తారుమారు వల్లనే తొలి రచయితలో తొందరపాటు, మొగమాటం రెండూ కలుగుతాయి. నవల అచ్చు కావడమే మహాభాగ్యమని తలచి, ఎక్కడ చేవ్రాలు చేయమంటే అక్కడ చేసేవారు, ఎంత సొమ్ము అడిగితే అంత ఇచ్చేవారు మనలో తక్కువేమీ కాదు. అందుచేత ఈ దారిని ముందుగా ఎరిగి ఉండడం అవసరం.

తెలుగు నవల పుట్టుకతోనే పత్రికతో ముడిపడి ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో వారి 'వివేకవర్ధని' పత్రికలో భాగాలుగా వెలువడి, 1880లో గ్రంథరూపం ధరించింది. 1890ల నాటి 'చింతామణి' పత్రిక నవలల పోటీలు నడిపింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు 'రామచంద్ర విజయం'తో బహుమతి పొందింది ఆ పోటీలోనే. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన పోటీలో విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు', అడివి బాపిరాజుగారి 'నారాయణరావు' బహుమతిని పంచుకున్నాయి. స్వాతంత్ర్యానంతరం వార, మాస పత్రికల ధారావాహికలే నవలకు రాచబాట అయ్యాయి. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' 1960లలో 'జ్యోతి' మాసపత్రికలోను, యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' 1980లలో 'ఆంధ్రభూమి' వారపత్రికలోను వెలువడి, ఆ తరువాత పుస్తకాలై ఇంటింటికీ చేరాయి. పాఠకుడు నవలను వారం వారం చదివి మెచ్చిన మీదట ప్రచురణకర్త ధైర్యంగా అచ్చువేసేవాడు. అంటే రచన గుణాన్ని పరీక్షించే భారంలో సగం పత్రికా సంపాదకుడే వహించేవాడన్నమాట.

ఆ రాచబాట ఇప్పుడు చాలవరకు మూసుకుపోయింది. నెలకొక పూర్తి నవలను అందిస్తూ 1978లో ఆరంభమైన 'చతుర' 2021లో నిలిచిపోయింది. 'నవ్య', 'ఆంధ్రభూమి' వారపత్రికల ముద్రణ 2020లో ఆగింది. మిగిలిన పత్రికలలో ధారావాహికకు చోటు స్వల్పం. ఆ చోటు కూడా పేరు తెలిసిన వారికే దక్కడం పరిపాటి. కనుక నేటి తొలి నవలాకారునికి ప్రధానంగా మూడు త్రోవలు మిగిలాయి. నవలల పోటీ ఒకటి, తన ఖర్చుతో అచ్చువేసే ప్రచురణకర్త రెండవది, స్వీయ ప్రచురణ మూడవది.

ఏ త్రోవ పట్టినా ముందు నవల పూర్తి కావాలి. ఇది చెప్పవలసిన మాటేనా అని కొందరికి తోచవచ్చు. కాని నాలుగు ప్రకరణాలు వ్రాసి, అంగీకారం దొరికితే మిగిలినది పూరిస్తామనేవారు ఎందరో ఉన్నారు. పేరు లేని రచయిత అసంపూర్ణ రచనను ఎవరూ స్వీకరించరు. ముగించిన నవలను కొన్ని వారాలు పక్కన పెట్టి, తిరిగి పరాయివాని రచనను చదివినట్లు చదవాలి. ఆ మీదట మొగమాటం లేని ఇద్దరు ముగ్గురు పాఠకులకు ఇవ్వాలి. బంధువుల మెప్పు ఆనందదాయకమే గాని, దాని వలన నవల బాగుపడదు.

వ్రాతప్రతిని సిద్ధం చేయడంలో ఒక సాంకేతిక విషయం కొత్తవారిని తరచుగా చిక్కులలో పడవేస్తుంది. కంప్యూటర్‌లోగాని, ఫోన్‌లోగాని మనం సాధారణంగా వ్రాసేది యూనికోడ్‌లో. అచ్చుపనిలో చాలాచోట్ల అను ఫాంట్లు వాడుకలో ఉన్నాయి. ఒకదాని నుండి మరొకదానికి మార్చేటప్పుడు వత్తులు చెదరవచ్చు, అక్షరాలు తారుమారు కావచ్చు. పూర్వం వ్రాయసకాండ్రు తాళపత్రాలను ఎత్తివ్రాసేటప్పుడు దొర్లిన తప్పులను సవరించడానికి పరిష్కర్తలు పడ్డ శ్రమ నాకు తెలుసు. యంత్రం చేసే తప్పులు వాటికి తీసిపోవు. అందుచేత యూనికోడ్ ప్రతిని రెండు మూడు చోట్ల భద్రపరచుకొని, పేజీలు కూర్చిన తరువాత ప్రూఫులను రచయిత స్వయంగా చూడాలి. ఒక్కసారి చూస్తే చాలదు.

పోటీలకు పంపేవారు నిబంధనలను అక్షరం పొల్లుపోకుండా పాటించాలి. రచన ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాకూడదనడం, వ్రాతప్రతి మీద రచయిత పేరు ఉండకూడదనడం వీటిలో సాధారణం. అట్టి నిబంధన ఉన్నచోట పేరు వ్రాసిన ప్రతి, ఎంత గొప్ప నవలైనా, పరిశీలనకు నోచుకోకపోవచ్చు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అనగా తానా, నిర్వహించిన పోటీలు మన నవలకు మేలు చేశాయి. చంద్రలతగారి 'రేగడి విత్తులు' 1997లో ఆ బహుమతి పొందింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి 'కొండపొలం' 2019లో ఆ సంస్థ బహుమతి పొంది, 2021లో చలనచిత్రంగా వచ్చింది. బహుమతి రానంత మాత్రాన నవల పనికిరానిదని భావించనక్కరలేదు. న్యాయనిర్ణేతల అభిరుచి కూడా ఆ నిర్ణయంలో ఒక పాలు.

ప్రచురణకర్తను ఆశ్రయించదలచినవారు ముందుగా ఆయన ఇదివరకు వేసిన పుస్తకాలను చూడాలి. ఆధ్యాత్మిక గ్రంథాలు, పోటీపరీక్షల పుస్తకాలు మాత్రమే వేసేవారికి నవల పంపడం వృథా ప్రయాస. ముందుగా ఒక చిన్న ఉత్తరం, ఒక పేజీకి మించని కథాసంగ్రహం, మొదటి రెండు మూడు ప్రకరణాలు పంపాలి. కథాసంగ్రహంలో ముగింపును దాచకూడదు. అది పాఠకుని ఊరించడానికి వ్రాసేది కాదు, ప్రచురణకర్త నిర్ణయానికి తోడ్పడేది. బదులు రావడానికి నెలలు పట్టవచ్చు. మూడు నెలల తరువాత మర్యాదగా ఒకసారి జ్ఞాపకం చేయడం తప్పు కాదు. వారానికోసారి ఫోన్ చేయడం మాత్రం తప్పే.

అంగీకారం లభించిన నాడు రచయిత మరింత జాగరూకుడై ఉండాలి. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఇతరుల కొలువులో భాగంగా వ్రాసిన సందర్భాలను మినహాయిస్తే, రచనకు మొదటి హక్కుదారు రచయితే. ఆ హక్కు సంక్రమించడానికి నమోదు తప్పనిసరి కాదు. వ్రాసిన క్షణం నుండే అది రచయితది. రచయిత జీవితకాలమంతా, మరణానంతరం మరి 60 సంవత్సరాలు అది చెల్లుతుంది. హక్కును మరొకరికి బదలాయించాలంటే వ్రాతమూలకమైన పత్రం, దానిమీద చేవ్రాలు ఉండాలి. ఏయే హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, ఎంత ప్రతిఫలానికి ఇస్తున్నదీ ఆ పత్రం పేర్కొనాలి. కాలం చెప్పకపోతే అయిదేళ్లుగాను, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికి పరిమితంగాను చట్టం భావిస్తుంది. హక్కు పొందినవారు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే, పత్రంలో వేరుగా చెప్పి ఉంటే తప్ప, ఆ హక్కు వారికి చెల్లదు. హక్కులన్నీ వదలుకున్నా, ఈ రచన నాదని చెప్పుకునే హక్కు మాత్రం రచయితను వీడదు.

'సర్వహక్కులూ శాశ్వతంగా' అనే మాట కనిపించినప్పుడు ఆగి ఆలోచించాలి. ముద్రణహక్కు వేరు, అనువాదహక్కు వేరు, శ్రవ్యగ్రంథపు హక్కు వేరు, చలనచిత్రహక్కు వేరు. పుస్తకం అచ్చువేసేవారికి కావలసింది మొదటిది. తక్కినవి వారు అడిగితే ఇవ్వవచ్చు. కాని అడిగింది ఏమిటో, ఇచ్చింది ఏమిటో తెలిసి ఇవ్వాలి. నా పూర్వ విద్యార్థిని ఒకామె తన తొలి నవలకు పాతిక ప్రతులు పుచ్చుకొని, ఒక పేజీ కాగితం మీద చేవ్రాలు చేసింది. ఏళ్ల తరువాత ఆ నవలను అనువదిస్తామని మరొకరు ముందుకు వచ్చినప్పుడు గాని, ఆ కాగితంలో ఏమి వ్రాసి ఉందో ఆమె చదవలేదు. అనుమతి ఇచ్చే అధికారం అప్పటికి ఆమె చేతిలో లేదు.

ఇక స్వీయ ప్రచురణ. దీనిని చిన్నతనంగా భావించనక్కరలేదు. వీరేశలింగంగారు తమ నవలను వెలువరించింది తమ సొంత పత్రికలోనే కదా. ఖర్చులు ముందుగా లెక్క వేసుకోవాలి. నవలలకు ఎక్కువగా డెమ్మీలో ఎనిమిదవ వంతు సైజు వాడతారు. పదహారు పేజీలు ఒక ఫారం. కాగితం, అచ్చు, బైండింగు ఖర్చులు ఫారాల లెక్కన పెరుగుతాయి. కనుక 196 పేజీల నవలను 192కు కుదించగలిగితే పన్నెండు ఫారాలలో ముగుస్తుంది. వెయ్యి ప్రతులు వేస్తే ఒక్కొక్క ప్రతి చవక పడుతుందని ముద్రాపకుడు చెప్పే మాట నిజమే. అమ్ముడుపోని ఏడువందల ప్రతులు అటక మీద చెదపురుగుల పాలైతే ఆ చవక ఎవరికి? మొదట రెండు మూడు వందల ప్రతులు వేసి, అవసరాన్ని బట్టి తిరిగి వేయడం క్షేమం. నేటి డిజిటల్ ముద్రణ ఇందుకు వీలు కల్పిస్తున్నది. వెల నిర్ణయించేటప్పుడు పుస్తక విక్రేతకు ఇవ్వవలసిన తగ్గింపును లెక్కలోకి తీసుకోకపోతే, ప్రతి అమ్మకమూ నష్టమే అవుతుంది.

ప్రచురణకర్తలమని చెప్పుకుంటూ రచయిత నుండే సొమ్ము తీసుకునేవారు కొందరుంటారు. సొమ్ము తీసుకోవడంలో దోషం లేదు. ఎన్ని ప్రతులు, ఏ కాగితం, ఎవరు అమ్ముతారు, లెక్కలు ఎప్పుడు చూపుతారు అనేవి కాగితం మీద లేకపోవడం దోషం. పది అంకెలు గాక, 2007 నుండి 13 అంకెలుగా ఉంటున్న ఐఎస్‌బిఎన్ సంఖ్య కోసం కూడా కొందరు రుసుము వసూలు చేస్తారు. మన దేశంలో ఆ సంఖ్యను రాజా రామమోహన్‌రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా కేటాయిస్తుంది. స్వీయ ప్రచురణ చేసే రచయిత కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

పుస్తకం వెలువడిన పిమ్మట సమీక్షకు పత్రికలకు పంపడం, హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలలో ఏదో ఒక దుకాణంలో ఉంచే ఏర్పాటు చేసుకోవడం రచయితలు చేస్తూనే ఉన్నారు. ముప్పై అయిదేళ్లలోపు వారికి కేంద్ర సాహిత్య అకాడమి 2011 నుండి యువ పురస్కారం ఇస్తున్నది. 2025లో ప్రసాద్ సూరిగారి 'మైరావణ' నవల తెలుగులో దానికి ఎంపికైంది.

చాలామంది మరచే పని ఒకటుంది. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్త, స్వీయ ప్రచురణలో రచయితే, పుస్తకం వెలువడిన 30 రోజులలోగా కోల్‌కతలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి, ఢిల్లీలలోని గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి తన ఖర్చుతో పంపాలి. అంగళ్లలో పుస్తకం దొరకకుండా పోయిన కాలంలో కూడా, దానిని వెదుక్కుంటూ వచ్చిన పరిశోధకునికి అక్కడ ఒక ప్రతి కనబడుతుంది.

అర్థాలు

విపర్యయం : వ్యతిరేకం, తలకిందులు
కృతిపతి : కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు
చేవ్రాలు : సంతకం
వ్రాయసకాడు : ప్రతులు ఎత్తివ్రాసేవాడు
ముద్రాపకుడు : అచ్చువేసేవాడు

ప్రశ్నలు

1. ప్రాచీన కవికి, నేటి నవలాకారునికి మధ్య రచయిత చూపిన భేదాన్ని వివరించండి.
2. ఒప్పందంపై చేవ్రాలు చేసే ముందు తొలి రచయిత పరిశీలించవలసిన అంశాలేవి?
3. మీకు తెలిసిన ఒక తెలుగు నవలకు ఒక పేజీ కథాసంగ్రహం వ్రాయండి.