వర్షవార్తను చదువు విధానం

వాన కురియుట ప్రకృతి ధర్మం. దానిని ఉన్నది ఉన్నట్లు తెలుపుట పత్రికా ధర్మం. ఈ రెండవ ధర్మానికి నేడు తరచుగా భంగం కలుగుతున్నది.

2020 అక్టోబరు 13న మన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, ఘట్‌కేసర్ వద్ద ఒక కేంద్రంలో సుమారు 32 సెంటీమీటర్ల వర్షం నమోదైనది. అదే వానకు బేగంపేటలో నమోదైనది సుమారు 19 సెంటీమీటర్లు. రెండు లెక్కలూ సత్యమే. కాని "నగరంపై 32 సెంటీమీటర్లు" అని శీర్షిక పెట్టినచో, ఒక్క వర్షమాపకం చెప్పిన మాటను నగరమంతటికీ అంటగట్టినట్లగును. అట్లే, ఒక గంటలో 10 సెంటీమీటర్లు కురిస్తేనే 'క్లౌడ్ బరస్ట్' అనవలెను. రోజంతా కురిసిన వానకు ఆ పేరు తగదు.

కనుక విద్యార్థులారా, వర్షవార్త చదివినపుడు మూడు ప్రశ్నలు వేయుడు: ఎక్కడ? ఎంత సేపటిలో? కొలిచినదెవరు?

వాతావరణ శాఖ హెచ్చరికలలో పసుపు రంగు గమనించుమనును, నారింజ సిద్ధపడుమనును, ఎరుపు వెంటనే చర్య తీసుకొమ్మనును. ప్రతి జల్లుకూ 'జలప్రళయం' అన్నచో "నాన్నా పులి" కథయే పునరావృతమగును. శామీర్‌పేట చెరువు కట్ట దిగువన నివసించు కుటుంబం నిజమైన ఎరుపు హెచ్చరికను సైతం పెడచెవిని పెట్టును.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయిరి. హెచ్చరిక ప్రజలకు చేరుట ఎంత అవసరమో, వారు దానిని నమ్ముట కూడ అంతే అవసరం. ఆ నమ్మకాన్ని కాపాడుట వ్రాయువారికి, చదువువారికి ఉమ్మడి బాధ్యత.