పొలిమేరలో ఇల్లు, బ్యాంకు దృష్టిలో ఊరు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దలు 'ఇల్లు కొని చూడు' అనలేదు. కొనడంలో ఉన్న తిప్పలు వారికి తెలియవు కాబోలు! మా నాన్నగారి రిటైర్మెంటు డబ్బు త్వరలో చేతికి వస్తుంది. అది ఒక్కసారే వచ్చే డబ్బు. అందుకని ఈ ఏడాది ఆదివారాలన్నీ హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. కామర్సు విద్యార్థిని గనుక చూసినదాన్ని కొంత వివరంగా రాసుకున్నాను.

ఇల్లు దొరకడం కష్టం కాదు. టీ కొట్టులో అడిగినా చెబుతారు. చిక్కంతా కాగితాల దగ్గరే. పాత ఊరి మధ్య ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. ఒక్కొక్క ఇంటికి విడి పట్టా ఉండదు. "ముప్పై ఏళ్ళుగా ఇంటిపన్ను కడుతున్నామండీ" అని రసీదులు చూపిస్తారు. పన్ను ఎవరు కట్టారో రసీదు చెబుతుంది గాని, ఇల్లు ఎవరిదో చెప్పదు. ఇ.సి. సంగతీ అంతే. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనబడతాయి. అన్నదమ్ముల నోటిమాట పంపకాలు కనబడవు. 1983కు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు తీయించాలి.

ఇక సర్పంచి సంతకంతో అమ్మిన లేఅవుట్లు. 2008లో ఏర్పడిన హెచ్.ఎం.డి.ఎ. పరిధిలో లేఅవుటుకు అనుమతి ఇవ్వవలసింది ఆ సంస్థే. 2020 ఆగస్టులో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపమని ప్రభుత్వం చెప్పేసరికి ఎంతోమంది పొదుపు ఇరుక్కుపోయింది. అంతకుముందే ఒకసారి రిజిస్టరైన వాటికి తరువాత సడలింపు వచ్చిందనుకోండి. అయినా ఇలాంటి స్థలంలోని ఇంటికి అప్పు అడిగితే బ్యాంకువాళ్ళు తల అడ్డంగా ఊపుతారు.

పల్లె గదా, గ్రామీణ గృహ పథకం వర్తించదా అని మిత్రులు అడుగుతారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన-గ్రామీణ్‌లో మైదాన ప్రాంతానికి 1.20 లక్షల సహాయం, కోరుకుంటే 70 వేల దాకా అప్పు అన్నారు. అది ఇల్లు లేని పేదలు కట్టుకోవడానికి. కట్టిన ఇల్లు కొనేవాడికి కాదు. పైగా 'పల్లె' అన్న మాటే నిలకడగా ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారం 5,000 జనాభా, చ.కి.మీ.కు 400 మంది, మగ పనివాళ్ళలో 75 శాతం వ్యవసాయేతరులు ఉంటే పంచాయతీ అయినా పట్టణమే! 2018లో ఆదిభట్ల, తుక్కుగూడ వంటివి మున్సిపాలిటీలయ్యాయి. ఇల్లు కదల్లేదు, హద్దు కదిలింది.

మాబోటివాళ్ళకు మిగిలింది మామూలు గృహఋణం. 30 లక్షల లోపు అప్పయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చునని రిజర్వుబ్యాంకు నిబంధన. 30 లక్షల ఇంటికి 27 లక్షలు వస్తాయనుకుందాం. మిగతా 3 లక్షలు మనవి. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చు 2021 జూలైలో 6 నుంచి 7.5 శాతమైంది, ఆ లెక్కన మరో 2.25 లక్షలు. ఈ ఖర్చును ఇంటి విలువలో కలపరు. అంటే ముందుగా 5.25 లక్షలు చేతిలో ఉండాలి. బ్రోకరు మాత్రం "పదిశాతం చాలు సార్" అంటాడు.

అసలు దెబ్బ వయసుది. 9 శాతం వడ్డీకి లక్షకు నెలకు 20 ఏళ్ళయితే సుమారు 900 రూపాయలు, 10 ఏళ్ళయితే 1,267. సాధారణంగా 70 ఏళ్ళ వయసులోపు అప్పు తీరాలంటారు. కనుక 60 ఏళ్ళాయనకు 27 లక్షల కిస్తీ నెలకు 34 వేలు దాటుతుంది. పెన్షనులో అది ఎక్కడ ఇముడుతుంది? సంపాదించే కొడుకో కూతురో కలిసి సంతకం పెడితే గడువు పెరుగుతుంది. నాకింకా ఉద్యోగం లేదు. అందుకే మా ఇంట్లో ఇప్పుడు చర్చ ధర గురించి కాదు, నా ఫైనలియరు ఎప్పుడవుతుందన్న దాని గురించి.

ఈలోగా ఏ ఇల్లు నచ్చినా అడ్వాన్సు ఇవ్వడం లేదు. జిరాక్సులు ముందు బ్యాంకు ప్యానెల్ లాయరుకు చూపించి, ఆయన రాతపూర్వకంగా సరేనన్నాకే బేరం. ఈ మాట చెప్పగానే ఇద్దరు అమ్మకందారులు ఫోను ఎత్తడం మానేశారు.