పొట్లం విప్పిన తరువాత

నలుగురు సభ్యులున్న ఒక మధ్యతరగతి కుటుంబాన్ని ఊహించుకోండి. తెల్లవారగానే గుమ్మం ముందు రెండు పాలప్యాకెట్లు వాలుతాయి. వంట మొదలయ్యేసరికి టీపొడి ప్యాకెట్టు, ఉప్మారవ్వ సంచి, నూనె కవరు, ఆవాలు జీలకర్రల చిన్న కవర్లు ఒకటొకటిగా ఖాళీ అవుతాయి. సాయంత్రం పిల్లలు బడి నుండి రాగానే బిస్కెట్లు, చిప్సు. రాత్రి వంటకు ఓపిక చాలకపోతే వీధి చివరనున్న కర్రీపాయింటు నుండి, రబ్బరుబ్యాండు బిగించిన ఒక కవరులో సాంబారు, మరొక కవరులో వేపుడు. తిన్న తిండి తెల్లవారేసరికి అరిగిపోతుంది. అది వచ్చిన కవర్లు మాత్రం వంటగది మూలన కుప్పగా మిగిలిపోతాయి.

ఇటువంటి ఖాళీ కవర్లను, డబ్బాలను, సీసాలను తిరిగి ముడిసరుకుగా మార్చి మరొక వస్తువును తయారుచేయడాన్ని పునశ్చక్రీకరణ అంటారు. వాడుకలో అందరూ రీసైక్లింగ్ అనేది దీనినే. సభలలో చెప్పినప్పుడు ఎంతో సులభంగా తోచే ఈ పనిని ఎవరి వంటగదిలో వారు నాలుగు రోజులు చేసి చూస్తే గాని అందులోని చిక్కులు బోధపడవు.

ఈ చిక్కులు మన తాతల కాలంలో లేవు. వారికి పర్యావరణ స్పృహ మనకంటె ఎక్కువగా ఉండేదని చెప్పడానికి వీలులేదు. పారవేయవలసిన వస్తువే వారి యింట తక్కువ. కిరాణాకొట్టులో కందిపప్పును పాత పత్రికతో పొట్లం కట్టి, పురికొస చుట్టి యిచ్చేవారు. పొట్లం విప్పిన తరువాత పురికొసను ఉండగా చుట్టి దాచుకొనేవారు. కాగితం పొయ్యి రాజేయడానికి పనికివచ్చేది. నూనె కావాలంటే ఇంటి నుండే సీసా తీసుకొని వెళ్ళాలి. పట్టణాలలో పాలు రేకుమూత వేసిన గాజుసీసాలలో వచ్చేవి. ఖాళీ సీసా కడిగి యిస్తేనే మరునాడు నిండుసీసా చేతికందేది. గోలీసోడా తాగినవారు సీసాను బండి దగ్గరే పెట్టి వెళ్ళేవారు. పెళ్ళిపంక్తులలో వాడిన మోదుగ, అడ్డాకు విస్తళ్ళు పెంటకుప్పకు చేరి, మరుసటి ఏటికి పొలంలో ఎరువుగా కలిసిపోయేవి.

అయితే ఆ కాలాన్ని అతిగా కీర్తించడం కూడా న్యాయం కాదు. విడిగా అమ్మే సరుకులో ఏది కలిసిందో కొనేవారికి తెలిసేది కాదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలవడం వల్ల వేలమంది డ్రాప్సీ అనే వ్యాధికి గురయ్యారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాదే కేంద్రప్రభుత్వం వంటనూనెలను ప్యాకెట్లలోనో, డబ్బాలలోనో మూసి మాత్రమే అమ్మాలని ఉత్తర్వు జారీచేసింది. పాలు విరగకుండా, పిండి పురుగు పట్టకుండా, మందుల వాసన బిస్కెట్లకు అంటకుండా కాపాడుతున్నది ఈ ప్యాకెట్టే. కనుక ప్యాకెట్టు మనకు శత్రువు కాదు. దానిని తయారుచేసినవారు అది దుకాణం చేరేవరకు ఆలోచించి, ఆపైన ఆలోచించడం మానివేశారు. అసలు తగాదా అక్కడ ఉన్నది.

చిప్సు ప్యాకెట్టును చింపి లోపలివైపు చూడండి. వెండిలా మెరుస్తుంది. పై పొర మీద రంగుల అచ్చు ఉంటుంది. లోపలి పొర వేడికి అతుక్కొని సంచి మూతిని బిగిస్తుంది. నడుమ అతి సూక్ష్మమైన అల్యూమినియం పూత వెలుతురును, తేమను, ప్రాణవాయువును అడ్డుకొంటుంది. లోపల నింపేది సైతం మామూలు గాలి కాదు, నత్రజని. ప్రాణవాయువు తగిలితే నూనె చెడి కనరువాసన వేస్తుంది కనుక ఇంత ఏర్పాటు. ఈ పొరలన్నీ కలిపినా ఇంచుమించు మనిషి వెంట్రుక మందమే ఉంటాయి. ఒక్కొక్క ప్లాస్టిక్కు ఒక్కొక్క ఉష్ణోగ్రత వద్ద కరుగుతుంది. అన్నింటినీ కలిపి కరిగిస్తే పట్టులేని ముద్ద వస్తుంది. పొరలను విడదీయాలంటే అయ్యే ఖర్చు, వచ్చే సరుకు విలువను మించిపోతుంది. పండ్లరసం వచ్చే అట్టడబ్బా కథ కూడా దాదాపు ఇదే. అందులో నాలుగింట మూడువంతులు అట్ట, సుమారు ఐదోవంతు పాలిథిన్, మిగిలినది అల్యూమినియం రేకు. ప్రత్యేక యంత్రాలున్న కాగితపు మిల్లులలో నానబెట్టి అట్టను వేరుచేయవచ్చు గాని, అటువంటి మిల్లు ప్రతి ఊరి పక్కనా ఉండదు.

సీసాల అడుగున బాణాల త్రికోణంలో ఒక అంకె కనిపిస్తుంది. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం ప్రవేశపెట్టిన గుర్తు ఇది. ఒకటి అంటే నీళ్ళసీసాలకు వాడే పెట్, రెండు గట్టి పాలిథిన్, నాలుగు పల్చని కవర్ల పాలిథిన్, ఐదు పాలీప్రొపిలీన్. ఏ వరుసలోనూ ఇమడనివన్నీ ఏడు కిందకు వస్తాయి. పలుపొరల ప్యాకెట్లు సాధారణంగా ఇందులోనివే. బాణాలను చూసి ఆ వస్తువు తప్పక మళ్ళీ పనికివస్తుందని చాలామంది భ్రమపడతారు. అది ప్లాస్టిక్ జాతిని తెలిపే గుర్తు మాత్రమే. పునశ్చక్రీకరణకు హామీ కాదు.

ఇక ఇంటి పని సంగతి చూద్దాం. పాలకవరును వేరుచేస్తే చాలదు. కడగకపోతే మధ్యాహ్నానికే పులిసిన వాసన, సాయంత్రానికి చీమలు. కొద్దిగా నీళ్ళు పోసి కుదిపి, ఆ నీటిని మొక్కలకు పోసి, కవరును బట్టలతాడుకు క్లిప్పు పెట్టి ఆరవేయాలి. కవరు మూలను కత్తిరించేటప్పుడు తుంపు పూర్తిగా ఊడిపోకుండా చూడాలి. గోరంత ముక్కను ఏ చెత్తబండీ, ఏ మనిషీ ఏరలేరు, అది నేరుగా మురుగుకాలువకే చేరుతుంది. నూనె కవరు మరింత మొండిది. ఒట్టి నీటికి లొంగదు, సబ్బు కావాలి. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే వేసవి రోజులలో కవరు కడగడానికి నీరెక్కడిది? గిన్నెలు తొలిచిన నీటిని, బియ్యం కడిగిన నీటిని అందుకు వాడుకోవడం ఒక ఉపాయం. పిజ్జా వచ్చిన అట్టపెట్టెకు ఆ ఉపాయం కూడా లేదు. కాగితం మిల్లులో గుజ్జులోని పీచు ఒకదానితో ఒకటి అతుక్కోవాలి. నూనె అంటిన అట్టలో అది జరగదు. జిడ్డులేని మూతభాగాన్ని చింపి కాగితాలతో వేసి, జిడ్డుభాగాన్ని తడిచెత్తలో కలపడమే మార్గం.

మరి సాంబారు మిగిలిన కవరు తడిచెత్తా, పొడిచెత్తా? ముడి విప్పి, సాంబారు తడిబుట్టలో ఒంపి, కవరు కడిగి పొడిబుట్టలో వేస్తే రెండూ. ముడి విప్పకుండా విసిరివేస్తే రెండూ కాదు. అలా ముడివేసి పారవేసిన తిండివాసనకే వీధిపశువులు కవరుతో సహా మింగుతాయి. ప్లాస్టిక్ పేరుకొన్న ఆవుల దుస్థితిని చూసి, పుట్టపర్తికి చెందిన కరుణా సొసైటీ అనే జంతుసంరక్షణ సంస్థ 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

చెత్తను ఇంటిలోనే వేరుచేయాలన్న మాట మనకు కొత్తది కాదు. అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో పట్టణ ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. ఆ దశకంలోనే సూర్యాపేట పురపాలక సంఘం ఇంటింటి నుండి చెత్తను వేరుగా సేకరించి, వీధికుండీలు లేని పట్టణంగా పేరుపొందింది. 2015లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ తడిచెత్తకు ఆకుపచ్చ, పొడిచెత్తకు నీలం బుట్టలను ఇంటింటికీ పంచింది. వాటిలో బియ్యం పోసుకొన్నవారూ లేకపోలేదు! 2016 నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరం అనే మూడు విధాలుగా చెత్తను వేరుచేసే బాధ్యతను ప్రతి ఇంటిపైనా ఉంచాయి. ఇల్లు అంటే ఎవరో మాత్రం నిబంధన చెప్పలేదు. మనకు తెలుసు. గిన్నెలు తోమే చేతులే కవర్లు కూడా కడుగుతాయి. ఉద్యోగం నుండి వచ్చి వంట చేసే తల్లి దినచర్యలో మరో పావుగంట పని చేరింది. ఆమె అంత శ్రద్ధగా వేరుచేసి యిచ్చిన రెండు బుట్టలను బండివారు ఒకే గుట్టలో కుమ్మరిస్తే, మరునాడు ఆ పావుగంట ఎందుకు వెచ్చిస్తుంది? ప్రజలలో చైతన్యం లేదని నిందించే ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

వీధి మలుపు దాటిన తరువాత లెక్క మరొక విధంగా సాగుతుంది. పాత పేపర్లు, ఇనుపసామాన్లు కొంటామంటూ వచ్చే తోపుడుబండి వ్యాపారికి తెలిసినది తూకం ఒక్కటే. అరలీటరు పాలకవరు సుమారు రెండున్నర గ్రాములుంటుంది. కిలో తూగాలంటే నాలుగువందల కవర్లు కావాలి. రోజుకు రెండేసి ప్యాకెట్లు వాడే ఇల్లు ఆరున్నర నెలలు దాచాలి. అయినా పాలకవరు ఒకే జాతి ప్లాస్టిక్ కనుక కొనేవారుంటారు. చిప్సు ప్యాకెట్టును ఎన్ని దాచినా కొనరు. అల్యూమినియం డబ్బాను మాత్రం ఎవరూ వదలరు. ఖనిజం నుండి కొత్త అల్యూమినియం తీయడానికి అయ్యే విద్యుత్తులో ఇరవయ్యోవంతుతో పాతదానిని కరిగించి వాడుకోవచ్చు. ఏది మళ్ళీ పనికివస్తుందో ఆచరణలో నిర్ణయించేది మన సదుద్దేశం కాదు, ఈ బేరమే.

ఆ బేరంలో అట్టడుగున ఉన్నవారు చెత్త ఏరుకొని బతికేవారు. అన్నం మెతుకులతో, పులుసుతో తడిసిన కవరుకు వారికి ధర తగ్గుతుంది. పొడిగా, శుభ్రంగా ఉన్నదానికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. పగిలిన గాజును కాగితంలో చుట్టకుండా వేస్తే తెగేది వారి చెయ్యే. ఇంటిలో కడిగి ఆరవేసిన పావుగంటకు నిజమైన ఫలితం కనిపించే చోటు ఇది. పుణె నగరంలో వీరు 1993లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2008లో స్వచ్ఛ్ అనే సహకార సంస్థను స్థాపించి, నగరపాలక సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని, గుర్తింపుకార్డులతో ఇంటింటి చెత్తను సేకరిస్తున్నారు. కుప్పలో ఏరుకొనే మనిషి గుమ్మం ముందు నిలబడి అందుకొనే మనిషి కావడం చిన్న మార్పు కాదు.

శ్రద్ధ ఉంటే అంతా సాధ్యమే కదా అని కొందరంటారు. ఆ మాటకు జపానులోని కామికాట్సు అనే కొండపల్లె సమాధానం చెబుతుంది. పదిహేను వందలకు అటూ ఇటుగా జనాభా ఉన్న ఆ ఊరు, 2020 నాటికి తగులబెట్టవలసిన చెత్త, పూడ్చవలసిన చెత్త లేకుండా చేస్తామని 2003లో ప్రకటించింది. అక్కడ చెత్తబండి రాదు. తిండి వ్యర్థాలను ఇంటివద్దనే ఎరువు చేసుకొని, మిగిలినదానిని కడిగి, ఆరబెట్టి, కేంద్రానికి తామే మోసుకొనిపోయి నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తారు. సీసా మూత వేరు, సీసా మీది కాగితం వేరు. ఇంత చేసినా వారు ఎనభై శాతం దగ్గరకు వచ్చి ఆగిపోయారు. మిగిలినవి ఎవరెంత కడిగినా విడదీయరాని విధంగా తయారై వచ్చిన వస్తువులు. వంటగది చేయగలిగిన పని ఎంతవరకో ఆ పల్లె కొలిచి చూపింది.

మన చట్టాలలో ఈ గ్రహింపు కొంత కనిపిస్తుంది. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, పునశ్చక్రీకరణకు పనికిరాని పలుపొరల ప్యాకెట్లను రెండేళ్ళలో క్రమంగా తొలగించాలని చెప్పాయి. గడువు ముగిసే వేళకు, 2018లో, ఆ వాక్యం మారింది. కాల్చి శక్తిని రాబట్టడానికి గాని, మరే యితర ఉపయోగానికి గాని పనికిరానివాటికే తొలగింపు వర్తిస్తుందన్నారు. సిమెంటు బట్టీలలో ఇంధనంగా కాలని ప్యాకెట్టు ఏముంటుంది? అలా చిప్సు కవరు బతికిపోయింది. మదురైకి చెందిన ఆచార్య రాజగోపాలన్ వాసుదేవన్ ప్లాస్టిక్ వ్యర్థాలను కంకరకు పూతగా పట్టించి తారురోడ్లు వేసే పద్ధతిని రూపొందించి, 2018లో పద్మశ్రీ అందుకొన్నారు. అది మెచ్చదగిన ఉపాయమే గాని, రోడ్డులోకి వెళ్ళిన కవరు మళ్ళీ కవరుగా తిరిగిరాదు. 2022 మార్గదర్శకాలు మరొక అడుగు ముందుకు వేసి, తమ ప్యాకెట్లలో ఎంత భాగాన్ని తిరిగి సేకరించి పునశ్చక్రీకరణ చేయించాలో ఉత్పత్తిదారులకు ఏడాదివారీ లక్ష్యాలు విధించాయి. కవరును కడిగే భారం ఇంటిది, దానిని కడిగితే ఫలితముండేలా తయారుచేసే భారం కర్మాగారానిది అన్న పంపకం ఇప్పటికి కాగితం మీదకు వచ్చింది.

పాత పద్ధతిలోని సులువు పూర్తిగా పోలేదు. జర్మనీలో 2003 నుండి నీళ్ళసీసాలు, శీతలపానీయాల సీసాలు కొనేటప్పుడు 25 సెంట్లు అదనంగా కట్టించుకొని, ఖాళీ సీసా తిరిగి యిచ్చినప్పుడు ఆ సొమ్ము వాపసు చేస్తున్నారు. అంత దూరం పోనక్కరలేదు. తిరుమల కొండపై ప్లాస్టిక్ నీళ్ళసీసాలను నిషేధించిన తరువాత గాజుసీసాలలో నీరు అమ్ముతున్నారు. ఖాళీ సీసా తిరిగి యిచ్చినవారికి కట్టిన సొమ్ములో సీసా ధర వెనక్కు వస్తుంది. ఏడేడు రాష్ట్రాల నుండి వచ్చిన యాత్రికులకు అక్కడ త్రికోణాలు, అంకెలు ఎవరూ బోధించలేదు. చేతిలోని సీసాకు వెల ఉన్నదని మాత్రం వారికి తెలుసు.

ప్రశ్నలు

1. పలుపొరల ప్యాకెట్లను పునశ్చక్రీకరణ చేయడం ఎందుకు కష్టమో వివరించండి.
2. “ఇల్లు అంటే ఎవరో మాత్రం నిబంధన చెప్పలేదు” – ఈ వాక్యంలోని అంతరార్థాన్ని తెలపండి.
3. కామికాట్సు గ్రామ ప్రయత్నం వల్ల ఏ విషయం స్పష్టమైంది?
4. మీ యింట ఒక వారంలో ఖాళీ అయిన ఆహారపు ప్యాకెట్లను లెక్కించి, మీ వీధి పాతసామాన్ల వ్యాపారి వాటిలో వేటిని కొంటాడో తెలుసుకొని ఒక పేజీలో రాయండి.