మేజోళ్ళ అల్లికకు తగిన సూదులు

మేజోడు పాదమునకు హితముగా నుండవలెనన్న దానిలో అతుకు ఉండరాదు. విడిగా అల్లి అంచులు కలిపి కుట్టినచో, ఆ కుట్టు బూటులో ఒరసికొని పాదమును బొబ్బలెక్కించును. కావున మేజోటిని గొట్టమువలె గుండ్రముగా అల్లుదురు.

ఇందుకు మూడు మార్గములు కలవు. మొదటిది, రెండు కొనలును మొనదేరిన పొట్టి సూదులు. 64 కుట్లను నాలుగు సూదులపై 16 చొప్పున నిలిపి, ఐదవ సూదితో అల్లవలయును. ఈ విధము ప్రాచీనమైనది. జర్మనీలో 1400 ప్రాంతమున మాస్టర్ బెర్ట్రామ్ వేసిన చిత్రమున మరియమ్మ ఇట్టి సూదులతోనే బాలయేసునకు అంగీ అల్లుచుండును. రెండవది, తీగతో జతపరచిన సూదులు రెండు జతలు. ఒక్కొక్క జతపై 32 కుట్లు నిలుచును. మూడవది, మిక్కిలి పొడవైన తీగగల ఒకే జత. కుట్లను రెండు సగములు చేసి, నడుమ తీగను వెలుపలికి లాగి అల్లుదురు.

సూది మారుచోట దారము సడలినచో నిచ్చెనమెట్లవంటి సందులు ఏర్పడును. పొట్టి సూదులతో అట్టి తావులు నాలుగు. తక్కిన రెండు విధములందు రెండే. సత్యవేడు వంటి ఎండప్రాంతమున నూలు మేజోళ్ళు హితకరములు. కాని నూలునకు ఉన్నివలె సాగి ముడుచుకొను గుణము లేదు. సందులు స్పష్టముగా కనబడును. కావున నూలునకు తీగ సూదులు మేలు. కుట్లు జారుచున్నచో లోహపు సూదులు మాని వెదురు సూదులు గైకొనవలయును.

సూది లావును ముందుగా చిన్న ముక్క అల్లి పరీక్షింపుడు. సెంటీమీటరునకు మూడు కుట్లు వచ్చిన, 64 కుట్ల చుట్టుకొలత 21 సెంటీమీటర్లకు పైబడును. రెండున్నరయే వచ్చిన 25 దాటును. మేజోడు కాలినుండి జారిపోవును. పాదమును కొలిచిన పిదపనే సూదిని ఎన్నుకొనుట వివేకము.